లాంగ్ క్యూటీ ఉన్న మా అమ్మాయిని బ్యాడ్మింటన్ ఆడనివ్వవచ్చా?

గాజువాక నాన్న అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నంలోని గాజువాక. మా పెద్దమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. చిన్నప్పటి నుంచి బ్యాడ్మింటన్ అంటే ప్రాణం. మధ్యలో ఈత కూడా నేర్చుకుంది. నిరుడు బడిలో పరుగుపందెం జరుగుతుండగా పడిపోతే వడదెబ్బ అని చెప్పి ఇంటికి పంపించారు. కొన్ని నెలల తర్వాత ఈతకొలనులో అవతలి గట్టు చేరకముందే కాళ్లు చేతులు ఆడించడం ఆగిపోయింది. పక్క వరుసలో ఉన్న శిక్షకుడు చూసి వెంటనే పైకి లాగడం వల్ల బతికింది. మొదట తీసుకువెళ్లిన చోట ఫిట్స్ అని మందులు రాశారు. ఆ తర్వాత మరొక వైద్యుడు ఈసీజీ తీయించి, క్యూటీసీ (గుండె వేగానికి సరిచేసి లెక్కగట్టిన క్యూటీ కాలం) 490 మిల్లీసెకన్లు ఉందని గుర్తించారు. జన్యు పరీక్షలో కేసీఎన్‌క్యూ1 అనే జన్యువులో లోపం ఉన్నట్లు తేలింది. ఇది లాంగ్ క్యూటీ అనే గుండె లయ జబ్బు, అందులో టైప్ 1 అని నిర్ధారించి ప్రొప్రనొలాల్ మాత్రలు మొదలుపెట్టారు. ఆరు నెలలు దాటింది, ఆ తర్వాత ఒక్కసారి కూడా కళ్లు తిరగలేదు.

ఇంట్లో అందరికీ పరీక్షలు చేయిస్తే అదే లోపం నాలోనూ ఉన్నట్లు తెలిసింది. నా క్యూటీసీ 465. నేను ఎన్నడూ స్పృహ తప్పింది లేదు. నాకు కూడా మాత్రలు ఇచ్చారు.

ఇప్పుడు అసలు బాధ మొదలైంది. బడిలో ఆటల పీరియడ్ వస్తే మా అమ్మాయిని వరండాలో కూర్చోబెడుతున్నారు. మిగతా పిల్లలు నీళ్ల సీసాలు, చేతి గడియారాలు తన ఒళ్లో పడేసి మైదానంలోకి పరుగెడతారట. "నన్ను కాపలాకు పెట్టారా నాన్నా?" అని అడిగింది. మా అమ్మ అయితే మేడ మెట్లు కూడా ఎక్కనివ్వడం లేదు. బ్యాడ్మింటన్ శిక్షకుడేమో, ఏం జరిగినా తన పూచీ లేదని రాసిన కాగితం మీద సంతకం చేసి, డాక్టరు సర్టిఫికెట్ తెస్తేనే కోర్టులోకి రానిస్తానంటున్నారు. మా వైద్యుడు "ఈత మానేయండి, మిగతావి తర్వాత చూద్దాం" అన్నారు. ఆ తర్వాత అనేది ఎప్పుడో తెలియడం లేదు.

పిల్ల ఆడవచ్చా, ఎంతవరకు ఆడవచ్చు? పోటీలకు వెళ్లవచ్చా? ఈత ఇక జీవితంలో లేనట్టేనా? ఇంకొక మాట. ఏటా ఆషాఢంలో నేను సింహాచలం గిరి ప్రదక్షిణ చేస్తాను, ముప్పై రెండు కిలోమీటర్లు. ఈ సంవత్సరం చేయవచ్చా? అనుభవం ఉన్నవారు, వైద్యులు దయచేసి చెప్పండి.

లయ వైద్యుడు, విశాఖ

నమస్కారమండీ. నేను గుండె లయ సమస్యలకు వైద్యం చేసేవాడిని. మీ అమ్మాయిని స్వయంగా చూడకుండా ఆడవచ్చనో కూడదనో రాయడం సరి కాదు. అయితే ఆ నిర్ణయం ఎలా తీసుకుంటారో, మీ వైద్యుడిని మీరు ఏమేమి అడగాలో చెప్పగలను.

ముందు ఈ జబ్బులో జరిగేది ఏమిటో చూద్దాం. గుండె ప్రతిసారీ కొట్టుకున్న తర్వాత, మళ్లీ కొట్టుకోవడానికి విద్యుత్పరంగా సిద్ధం కావాలి. అందుకు పట్టే కాలమే ఈసీజీలో క్యూటీ. పరుగెత్తినప్పుడు అడ్రినలిన్ పెరిగి గుండె వేగం హెచ్చుతుంది, ఆ వేగానికి తగ్గట్టు క్యూటీ కూడా కుదించుకుపోవాలి. ఆ కుదింపు జరగాలంటే గుండె కణాల నుంచి పొటాషియం బయటకు పోయే ఒక దారి బాగా తెరుచుకోవాలి. కేసీఎన్‌క్యూ1 జన్యువు తయారుచేసేది ఆ దారినే. మీ అమ్మాయిలో అది సరిగా తెరుచుకోదు కాబట్టి, వేగం పెరిగినా క్యూటీ తగ్గదు. అలాంటి సమయంలో తర్వాతి స్పందన తొందరపడి వస్తే, గుండె కింది గదులు అదుపు తప్పి కొట్టుకోవడం మొదలుపెడతాయి, మెదడుకు రక్తం అందక మనిషి పడిపోతాడు. అందుకే టైప్ 1 ఉన్నవారికి ప్రమాదం శ్రమలోనే ఎక్కువ, అందులోనూ ఈతలో మరీ ఎక్కువ. ప్రొప్రనొలాల్, నాడొలాల్ వంటి బీటా బ్లాకర్లు ఆ అడ్రినలిన్ దెబ్బ గుండెకు తగలకుండా అడ్డుకుంటాయి. ఈ మందు వల్ల అత్యధికంగా లాభపడేది టైప్ 1 వారే.

ఇక ఆటల సంగతి. 2005లో అమెరికా వైద్యులు బెథెస్డా సమావేశంలో చేసిన సిఫారసుల ప్రకారం, లాంగ్ క్యూటీ వల్ల స్పృహ తప్పినవారికి గోల్ఫ్, బిలియర్డ్స్ వంటి అతి తక్కువ శ్రమ గల పోటీలు తప్ప మరేవీ లేవు. ఆ పట్టికలో క్రికెట్‌ను కూడా తక్కువ శ్రమ గల ఆటల్లో చేర్చారు. మధురవాడ స్టేడియంలో ఫాస్ట్ బౌలర్‌ను చూసినవారెవరైనా ఆ వర్గీకరణతో ఏకీభవించడం కష్టం. బ్యాడ్మింటన్‌ను మాత్రం ఫుట్‌బాల్‌తోనూ దూరపు పరుగుతోనూ కలిపి గుండె వేగాన్ని బాగా పెంచే ఆటల వరుసలో పెట్టారు, అది సరైనదే. పిల్లలు సరదాగా ఆడేది చూసి దానిని తేలిక ఆట అనుకోకండి.

ఆ సిఫారసులు ఎక్కువగా జాగ్రత్త మీద ఆధారపడినవి. ఆడేవారిని ఏళ్ల తరబడి గమనించి రాసినవి కావు. అలా గమనించిన ఫలితాలు తర్వాత వచ్చాయి. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 2012లో, లాంగ్ క్యూటీ ఉందని తెలిసీ ఆట కొనసాగించిన 130 మంది గురించి ప్రచురించారు. వారిలో గుండె లయ తప్పిన సంఘటన ఒక్క బాలుడికే జరిగింది. అతనికి అంతకుముందే ఒకసారి గుండె ఆగింది, టైప్ 1 ఉంది, సంఘటన జరిగిన సమయంలో బీటా బ్లాకర్ సరిగా వేసుకోవడం లేదు. లయ తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే ఐసీడీ అనే పరికరం అతని ఒంట్లో అమర్చి ఉంది, అదే ప్రాణం కాపాడింది. 2024లో వెలువడిన మరో పెద్ద అధ్యయనంలో 1,413 మందిని మూడేళ్లపాటు గమనించారు. గట్టిగా వ్యాయామం చేసినవారిలో 2.6 శాతం మందికి, చేయనివారిలో 2.7 శాతం మందికి ప్రమాదకర సంఘటనలు జరిగాయి. అంటే కూర్చోబెట్టినంత మాత్రాన ప్రమాదం తగ్గినట్లు కనిపించలేదు.

ఈ అంకెలు చూసి రేపే రాకెట్ చేతికి ఇవ్వమని నా ఉద్దేశం కాదు. వీరందరూ నిపుణుల పర్యవేక్షణలో ఉన్నవారు, అత్యధికులు చికిత్స తీసుకుంటున్నవారు. జబ్బు ఉందని తెలియక ఆడే పిల్లలకు ఈ ధీమా వర్తించదు.

2015లో అమెరికా హృద్రోగ సంఘాలు ఇచ్చిన సూచన మీ సందర్భానికి దగ్గరగా ఉంటుంది. లక్షణాలు కనిపించినవారు కూడా, చికిత్స మొదలుపెట్టి కనీసం మూడు నెలలు ఏ ఇబ్బందీ లేకుండా గడిస్తే, తగిన ఏర్పాట్లతో పోటీ క్రీడలను పరిశీలించవచ్చు. మినహాయించింది ఒక్కటే: టైప్ 1 ఉండి ఇదివరకు పడిపోయినవారికి పోటీ ఈత. 2020 నాటి యూరప్ మార్గదర్శకాలు దీనికంటే గట్టివి. మీ అమ్మాయిలా క్యూటీసీ 480 దాటిన ఆడపిల్లలకు, మందు వేసుకుంటున్నా సరే, తీవ్రమైన పోటీ వద్దని అవి చెబుతాయి. పెద్ద పెద్ద సంఘాలే ఏకాభిప్రాయానికి రాని చోట మీ వైద్యుడు "తర్వాత చూద్దాం" అన్నారంటే, అది తప్పించుకోవడం కాకపోవచ్చు. ఆ తర్వాత అనేది ఎప్పుడు, ఏ పరీక్ష చూసి నిర్ణయిస్తారని మీరు స్పష్టంగా అడగండి.

నా దగ్గరకు వచ్చే ఇలాంటి పిల్లలకు, మందు వేసుకుంటున్న స్థితిలోనే ట్రెడ్‌మిల్ పరీక్ష చేయిస్తాను. అడ్రినలిన్ పెరిగినా గుండె వేగం ఎంత అదుపులో ఉందో, పరుగు ఆపిన తర్వాత మూడు నాలుగు నిమిషాల దగ్గర క్యూటీ ఎలా ఉందో చూస్తాను. టైప్ 1 తన స్వభావాన్ని బయటపెట్టేది పరుగులో కంటే ఆ తేరుకునే నిమిషాల్లోనే. పరీక్ష చేసేవారు పరుగు ఆగగానే తీగలు పీకేయకుండా చూడండి. బరువు పెరిగే వయసు కాబట్టి మాత్ర మోతాదు కూడా పెంచాల్సి వస్తుంది, దానిని ప్రతి సందర్శనలోనూ అడగండి. ఆ ఫలితం బాగుంటే, సరదా ఆట, సాధన, పోటీ అనే మూడు మెట్లలో మొదటి మెట్టుతో ప్రారంభిస్తాం.

ఈత విషయంలో మీ వైద్యుడి మాటే నా మాట. కోర్టులో పడిపోతే లేపడానికి, ఛాతీ నొక్కడానికి వ్యవధి ఉంటుంది. నీళ్లలో పడిపోతే ఆ వ్యవధి కూడా ఉండదు.

మాత్ర ఒక పూట మరిచిపోతే ఆ రోజు ఆట లేదు. ప్రొప్రనొలాల్ సాధారణ రకం ప్రభావం కొన్ని గంటలే ఉంటుంది. మరిచిపోయామని రెండు మాత్రలు కలిపి వేయకండి, మీ అంతట మీరు మందు ఆపనూ వద్దు. పిల్లలు ఈ మందు మీద ఉన్నప్పుడు ఖాళీ కడుపుతో శ్రమిస్తే రక్తంలో చక్కెర పడిపోయే అవకాశం ఉంది. తెల్లవారుజామున సాధనకు వెళ్లే పిల్ల కనీసం రెండు ఇడ్లీలైనా తిని వెళ్లాలి.

మీ గిరి ప్రదక్షిణ గురించి. లక్షణాలు లేని, మందు వేసుకుంటున్న మనిషి మామూలు నడక నడవడానికి సాధారణంగా అభ్యంతరం ఉండదు. నన్ను ఆలోచింపజేసేవి వేరే ఉన్నాయి. మన సముద్రపు ఉక్కలో గంటల తరబడి చెమట కారుస్తూ, చాలామంది ఉపవాసంతో నడుస్తారు. ఒంట్లో నీరు, పొటాషియం తగ్గితే క్యూటీ ఇంకా సాగుతుంది. ఉపవాసం మానండి. దారి పొడవునా భక్తులకు పంచే మజ్జిగ, నీళ్లు తాగండి, ఓఆర్‌ఎస్ పొట్లాలు జేబులో ఉంచుకోండి, వేళకు మాత్ర వేసుకోండి, ఒంటరిగా నడవకండి. విరేచనాలో జ్వరమో ఉంటే ఈ ఏడాదికి స్వామికి ఇంటి నుంచే దండం పెట్టుకోండి.

భీమిలి వాసి

డాక్టరు గారు విద్యావంతులు, వారి మాటను కాదనేంత చదువు నాకు లేదు. అయినా నా తమ్ముడి సంగతి చెప్పకుండా ఉండలేను. పోలీసు ఉద్యోగం కోసం రోజూ తెల్లవారుజామున బీచ్ రోడ్డులో పరుగు సాధన చేసేవాడు. అప్పుడప్పుడు గుండె దడగా ఉంటోందని అనేవాడు. టీ మానేయమని చెప్పేవాళ్లం. ఒక ఉదయం పరుగులోనే కుప్పకూలాడు, ఆసుపత్రికి చేరేలోపే పోయాడు. పోస్టుమార్టంలో గుండె కుడి గదిలో కండ ఉండాల్సిన చోట కొవ్వు, మచ్చ పేరుకున్నాయని, ఇది వంశపారంపర్యంగా వచ్చే జబ్బని రాశారు.

ఆట లేకపోతే ప్రాణం పోదు కదండీ. పిల్లకు వీణ నేర్పించండి, బొమ్మలు వేయడం నేర్పించండి. బతికి ఉంటే చాలు అనిపిస్తుంది మాకు.

లయ వైద్యుడు, విశాఖ

మీ తమ్ముడి గురించి చదివి మనసు కలత చెందిందండీ. మీరు ఇచ్చిన సలహా మీ ఇంటి జబ్బు విషయంలో పూర్తిగా సరైనది, అందుకే దీని గురించి వివరంగా రాస్తున్నాను.

మీరు వర్ణించినదానిని బట్టి అది ఏఆర్‌వీసీ అనే జబ్బు. గుండె కండర కణాలను ఒకదానితో ఒకటి పట్టి ఉంచే ప్రొటీన్లలో పుట్టుకతో లోపం ఉంటుంది. శ్రమలో గుండె గోడలు సాగిన కొద్దీ ఆ కణాలు విడిపోయి, చనిపోయి, వాటి స్థానంలో కొవ్వు, మచ్చ ఏర్పడతాయి. అంటే దీనిలో వ్యాయామం ఒక్క క్షణపు ప్రమాదాన్ని తెచ్చి ఊరుకోదు, జబ్బునే ముందుకు తోస్తుంది. జన్యు లోపం ఉన్నవారిలో దూరపు పరుగుల వంటి దీర్ఘ శ్రమ చేసినవారికి జబ్బు ముందుగా బయటపడుతుందని, ప్రమాదకర లయలు ఎక్కువగా వస్తాయని స్పష్టంగా తేలింది. బీటా బ్లాకర్ వేసుకుంటూ పరిగెత్తవచ్చనే వెసులుబాటు ఇక్కడ లేదు. లాంగ్ క్యూటీలో గుండె కండకు అలాంటి నష్టం జరగదు. ఒకే ప్రశ్నకు రెండు ఇళ్లలో రెండు జవాబులు రావడానికి కారణం ఇదే.

మీకు, మీ తోబుట్టువులకు, తమ్ముడికి పిల్లలు ఉంటే వారికి ఈసీజీ, ఎకో, హోల్టర్ (రోజంతా గుండె లయను నమోదు చేసే పరీక్ష), అవసరమైతే గుండె ఎంఆర్ఐ చేయించారా? ఒకసారి బాగున్నాయని వదిలేయకూడదు, ఈ జబ్బు ఏళ్ల మీద బయటపడుతుంది. ఇంట్లో పోలీసు, సైన్యం ఎంపికలకు పరుగు సాధన చేస్తున్న కుర్రవాళ్లు ఉంటే పరీక్షలు పూర్తయ్యేవరకు ఆపించండి.

ఇదే తీరున మరో రెండు జబ్బుల మాట కూడా ఇక్కడే చెప్పడం మంచిది. సీపీవీటీ అనే జబ్బులో విశ్రాంతిలో తీసిన ఈసీజీ నిక్షేపంగా ఉంటుంది; శ్రమలోనూ ఉద్వేగంలోనూ మాత్రమే లయ తప్పుతుంది. ఆట మధ్యలో పడిపోయిన పిల్లకు మామూలు ఈసీజీ చూసి ఫరవాలేదని పంపించడం అందుకే చాలదు. దీనిలో ఆటల విషయంలో లాంగ్ క్యూటీ కంటే ఎక్కువ కట్టడి అవసరం. బ్రుగాడా సిండ్రోమ్‌లో ప్రమాదం ఎక్కువగా నిద్రలో, విశ్రాంతిలో, జ్వరంలో వస్తుంది. ఆ జబ్బు ఉన్న మనిషి జ్వరంతో మైదానంలోకి దిగకూడదు, ఒళ్లు వెచ్చబడగానే పారాసిటమాల్ వేసుకోవాలి.

ఉక్కునగరం గృహిణి

నాకు లాంగ్ క్యూటీ టైప్ 2 ఉంది. బిడ్డ పుట్టిన తర్వాత కొన్ని వారాలకు, అర్ధరాత్రి ఫోను మోగిన శబ్దానికి ఉలిక్కిపడి లేచి స్పృహ తప్పాను. మా రకంలో హఠాత్తుగా వినిపించే శబ్దాలు, ప్రసవం తర్వాతి నెలలు ప్రమాదకరమని వైద్యులు చెప్పారు. నాకు ఛాతీలో ఐసీడీ అమర్చారు. మా పడకగదిలో అలారం గడియారం ఉండదు, ఫోను నిశ్శబ్దంలో ఉంటుంది. మా బాబు బడి వార్షికోత్సవంలో పరుగుపందేనికి తుపాకీ పేల్చే చోటుకు నేను దూరంగా నిలబడతాను. మీ అమ్మాయిది టైప్ 1 కాబట్టి ఇవి అంతగా వర్తించకపోవచ్చు, అయినా ఇది చదివే ఇతరులకు ఉపయోగపడతాయని రాస్తున్నాను.

ఈ ఐసీడీ పెట్టె పెట్టించుకుంటే ఇక ఏ ఆటైనా ఆడవచ్చని కొందరు అనుకుంటారు. డెన్మార్క్ ఫుట్‌బాల్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ 2021 జూన్‌లో మైదానంలోనే గుండె ఆగి పడిపోయి, ఐసీడీ అమర్చుకొని మరుసటి ఏడాది ఇంగ్లండ్‌లో మళ్లీ ఆడాడు. ఇటలీలో నిబంధనలు ఒప్పుకోనందున అక్కడి జట్టును వదులుకోవాల్సి వచ్చింది. అతని కథ నాకూ ఎంతో ధైర్యం ఇచ్చింది. అయితే పెట్టె లయ తప్పడాన్ని ఆపదు, తప్పిన తర్వాత షాక్ ఇచ్చి సరిచేస్తుంది. ఆ షాక్ ఎలా ఉంటుందో అనుభవించినవారికే తెలుసు. అమర్చిన కొన్ని వారాల వరకు ఆ వైపు చేతిని భుజం పైకి లేపనివ్వరు. కబడ్డీ వంటి ఆటల్లో ఛాతీకి దెబ్బ తగిలితే పరికరానికీ తీగకూ ముప్పు. వేగంగా పరుగెత్తినప్పుడు సహజంగా పెరిగిన గుండె వేగాన్ని చూసి పరికరం పొరపాటున షాక్ ఇవ్వకుండా, దాని హద్దులను మనం ఆడే ఆటకు తగినట్లు వైద్యులు సరిచేయాలి. మా అక్కచెల్లెళ్లకు నేను చెప్పే మాట, వ్యాయామం మొదలుపెట్టే ముందే ఆ సంగతి అడగండి.

నేను రోజూ సెక్టార్ రోడ్ల మీద వేగంగా నడుస్తాను. మాట్లాడుతూ నడవగలిగినంత వేగమే నా కొలత. బీటా బ్లాకర్ మీద ఉన్నవారికి వయసును బట్టి లెక్కగట్టే గుండె వేగపు సూత్రాలు పనికిరావు. చేతి గడియారం చూపించే అంకెను అందుకోవాలని ఆయాసపడకూడదు.

ఒక్క సంగతి మాత్రం మీ అమ్మాయి వైపు నుంచి చెప్పాలి. నాకు జబ్బు తెలిసిన మొదటి ఏడాది ఇంట్లోవాళ్లు గిన్నె కూడా ఎత్తనివ్వలేదు. బరువు పెరిగాను, రక్తపోటు వచ్చింది, బాత్రూములో ఒంటరిగా ఉండటానికి కూడా భయపడే స్థితికి వచ్చాను. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లకు ఆ భయం అంటితే వదిలించడం చాలా కష్టం. మీ అమ్మగారిని ఒకసారి డాక్టరు గారి దగ్గరకు వెంట తీసుకువెళ్లండి. మనం చెబితే వినరు, తెల్లకోటు మనిషి చెబితే వింటారు.

పీఈటీ మాస్టారు

నేను జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. ఆ అమ్మాయి ఒళ్లో నీళ్ల సీసాలు పెట్టిన సంగతి చదివి నాకు చాలా బాధ కలిగింది. బడివారు పూచీకి భయపడతారు, అది నాకు తెలుసు. సంతకం పెట్టిన కాగితం పిల్లను కాపాడదు. ఆ క్షణంలో అక్కడ ఎవరు ఉన్నారు, వారికి ఏం చేయాలో తెలుసా అన్నదే కాపాడుతుంది.

మీరు బడికి ఇవ్వాల్సినది ఒకే పేజీ. దాని మీద జబ్బు పేరు, వేసుకునే మందు, ఇవ్వకూడని మందులు, మీ ఫోను నంబరు, వైద్యుడి నంబరు ఉండాలి. దాని కింద పెద్ద అక్షరాలతో "పడిపోతే ఇది ఫిట్స్ అనుకోవద్దు, గుండె ఆగినట్టే భావించండి" అని రాయించండి. ఇది ఎందుకంటే, గుండె లయ తప్పి పడిపోయినప్పుడు కూడా కొన్ని క్షణాలు కాళ్లు చేతులు కొట్టుకుంటాయి, గురకలాంటి ఊపిరి వస్తుంది. చుట్టూ మూగినవారు వెంటనే చేతిలో తాళాలగుత్తి పెడతారు, ముక్కు దగ్గర ఉల్లిపాయ నలుపుతారు, నోట్లో నీళ్లు పోస్తారు. నేను పనిచేసిన బళ్లన్నింటిలోనూ ఇది చూశాను. ఆ తాళాల కోసం వెతికే నిమిషం మెదడుకు రక్తం లేని నిమిషం.

పలకకపోతే, ఊపిరి మామూలుగా లేకపోతే, ఒకరు 108కి ఫోను చేయాలి, ఒకరు గేటు దగ్గర నిలబడి అంబులెన్సుకు దారి చూపాలి, ఇంకొకరు వెంటనే ఛాతీ మధ్యలో రెండు అరచేతులు ఒకదానిపై ఒకటి వేసి, కనీసం ఐదు సెంటీమీటర్ల లోతుకు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండాలి. గుండెకు షాక్ ఇచ్చే ఏఈడీ అనే యంత్రం ఉంటే అట్టలు అతికించి, అది చెప్పిన మాట వింటే చాలు, వైద్యం తెలియనివారు కూడా వాడవచ్చు. షాక్ ఆలస్యమయ్యే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం దాదాపు పదో వంతు తగ్గిపోతుందని మాకు శిక్షణలో చెప్పారు. నగరంలో ట్రాఫిక్ తెలిసినవారికి ఆ యంత్రం కోర్టు పక్కనే ఎందుకు ఉండాలో వేరే చెప్పక్కరలేదు. ఒక్క కుటుంబానికి కొనడం భారమైతే, అకాడమీలోని తల్లిదండ్రులందరూ కలిసి కొనమని అడగండి. అక్కడికి వచ్చే తాతయ్యల గుండెకు కూడా అది అక్కరకు వస్తుంది.

ఆట విషయంలో నేనైతే హఠాత్తుగా మొదలుపెట్టనివ్వను, హఠాత్తుగా ఆపనివ్వను. ముందు పది నిమిషాలు మెల్లగా ఒళ్లు వేడెక్కాలి, చివర పది నిమిషాలు నడుస్తూ చల్లబడాలి. ఏప్రిల్, మే నెలల్లో రేకుల కప్పు ఉన్న ఇండోర్ కోర్టులు పదిగంటలకే ఆవిరిపొయ్యిలా ఉంటాయి, ఆ వేళల్లో వద్దు. గెలుపు కోసం ఇరవయ్యో పాయింటు దగ్గర పిల్లలు ఏ నలతనూ బయటపెట్టరు. కాబట్టి "కళ్లు తిరిగినా, గుండె దడదడలాడినా రాకెట్ కింద పెట్టేయి, ఎవరూ ఏమీ అనరు" అని శిక్షకుడి ఎదుటే ఆ అమ్మాయికి చెప్పండి. ఆ మాట శిక్షకుడి నోట కూడా అనిపించండి.

కొందరు ఇలాంటి పిల్లలను శ్రమ లేదని ఆర్చరీ, షూటింగ్ వైపు మళ్లించమంటారు. మంచి ఆలోచనే, కానీ ఒక చిక్కు ఉంది. చేయి వణకకుండా చేస్తాయి కాబట్టి ఆ రెండు క్రీడల్లోనూ బీటా బ్లాకర్లు నిషేధిత మందులు. పోటీ స్థాయికి వెళ్లేవారు చికిత్స నిమిత్తం ముందే మినహాయింపుకు దరఖాస్తు చేసుకోవాలి. బ్యాడ్మింటన్‌లో ఆ నిషేధం లేదు.

గాజువాక నాన్న

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. భీమిలి అన్నగారూ, మీ బాధ మా ఇంట్లోవాళ్లందరికీ చదివి వినిపించాను. డాక్టరు గారూ, మీరు చెప్పిన ట్రెడ్‌మిల్ పరీక్ష గురించి మా వైద్యుడిని అడిగితే వచ్చే వారం చేయిస్తానన్నారు. అది చూసిన తర్వాతే మొదట సరదా ఆట గురించి ఆలోచిద్దామన్నారు. పోటీల మాట ఈ ఏడాదికి అనుకోవడం లేదు. మాస్టారు చెప్పిన పేజీని తెలుగులో రాసి ప్రధానోపాధ్యాయురాలికి ఇచ్చాను. ఆవిడ దానిని స్టాఫ్ రూములో అంటించి, 108 వారితో ఉపాధ్యాయులకు ఛాతీ నొక్కే సీపీఆర్ పద్ధతి నేర్పిస్తానన్నారు.

మరో రెండు సందేహాలు. ఇవ్వకూడని మందులు అని రాయమన్నారు, అవి ఏవి? రెండోది, మా చెల్లెలిది మేనరికం. ఆమె కొడుకుకు మూడేళ్లు, పుట్టుకతో వినికిడి లేదు. చెవి ఆపరేషన్ చేయించాలని అనుకుంటున్నారు. వాడు కూడా ఈ మధ్య ఆడుతూ ఆడుతూ ఏడ్చి ఒకసారి సొమ్మసిల్లాడట. దీనికీ మా జబ్బుకూ సంబంధం ఉంటుందా?

లయ వైద్యుడు, విశాఖ

రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, అది అత్యవసరం. సంబంధం ఉండవచ్చు. కేసీఎన్‌క్యూ1 జన్యువు గుండెలోనే కాదు, లోపలి చెవిలో కూడా పనిచేస్తుంది. లోపం ఒక్క తల్లి నుంచో తండ్రి నుంచో వస్తే మీలాగా, మీ అమ్మాయిలాగా వినికిడి బాగానే ఉంటుంది. మేనరికంలో తల్లిదండ్రులిద్దరికీ ఒకే పూర్వీకుల నుంచి ఆ లోపం వచ్చి ఉంటే, బిడ్డకు రెండు వైపుల నుంచీ అందే అవకాశం ఉంది. అప్పుడు పుట్టుచెవుడుతో పాటు తీవ్రమైన లాంగ్ క్యూటీ వస్తుంది. 1957లో నార్వే వైద్యులు జెర్వెల్, లాంగె నీల్సెన్ వర్ణించిన జబ్బు ఇది. వారి పేరుతోనే దీనిని పిలుస్తారు. ఆ బాబుకు ఈ వారంలోనే ఈసీజీ తీయించండి. వెళ్లేటప్పుడు మీ అమ్మాయి జన్యు పరీక్ష కాగితం వెంట తీసుకువెళ్లండి. ఈసీజీ చూడకుండా చెవి ఆపరేషన్‌కు మత్తు ఇవ్వనివ్వకండి, మత్తు వైద్యుడికి ఇంటి చరిత్ర మొత్తం చెప్పండి. మీ చెల్లెలికీ, బావగారికీ, ఆమెకు ఇతర పిల్లలు ఉంటే వారికీ పరీక్షలు అవసరం.

ఇక మందులు. మన దగ్గర జ్వరం, దగ్గు అనగానే మందుల దుకాణంలో ఇచ్చే అజిత్రోమైసిన్, లెవోఫ్లాక్సాసిన్, వాంతులకు ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్, గ్యాస్ మాత్రలో కలిసి వచ్చే డోంపెరిడోన్, చర్మపు తామరకు ఇచ్చే ఫ్లూకొనజోల్, మలేరియాకు ఇచ్చే క్లోరోక్విన్, ఇవన్నీ క్యూటీని సాగదీసేవే. డోంపెరిడోన్ గురించి ప్రత్యేకంగా చెబుతున్నాను, ఎందుకంటే పాంటొప్రజోల్‌తో జతగా ఒకే గొట్టంలో వచ్చే ఆ మాత్రను జనం మిఠాయిలా కొనుక్కుంటారు, పైన పేరు చూసి లోపల అది ఉందని గమనించరు. పూర్తి జాబితా క్రెడిబుల్‌మెడ్స్ అనే వెబ్‌సైట్‌లో ఎప్పటికప్పుడు సరిచేసి ఉంచుతారు. ఏ కొత్త మందు రాసినా వేసుకునే ముందు అందులో చూడండి, లేదా మీ వైద్యుడికి ఫొటో పంపండి. విరేచనాలు, వాంతులు, జ్వరం ఉన్న రోజుల్లోనూ, తగ్గిన తర్వాత ఒకటి రెండు రోజులూ మీ అమ్మాయికి ఆట వద్దు.

ఆ బాబు విషయంలో ఒక జాగ్రత్త. మీ అమ్మాయికి ఇక్కడ మేము చెప్పిన ఆటల సలహా ఏదీ వాడికి వర్తించదు. జబ్బు ఉన్నట్టు తేలితే వాడిది మరింత ప్రమాదకరమైన రూపం, బీటా బ్లాకర్ ఒక్కటే చాలకపోవచ్చు. ఈసీజీ వచ్చేవరకు వాడిని నీళ్ల దగ్గరకు ఒంటరిగా పంపకండి, తరుముతూ పరిగెత్తించే ఆటలు వద్దు, అకస్మాత్తుగా భయపెట్టి ఆడించవద్దని ఇంట్లో పిల్లలకు చెప్పండి. క్యూటీసీ ఎంత వచ్చిందో ఇక్కడ రాయండి.